పులులు ఓడేది చచ్చి కాదు

కొత్తగా ఫాంటసీ వార్‌గేమ్‌ల్లోకి, అంటే బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలతో పాచికలేసి ఆడే యుద్ధాల్లోకి, దిగేవాళ్లకు అందరూ చెప్పే సలహా ఒకటుంది. "ఎలైట్ సైన్యం కట్టు. బొమ్మలు తక్కువ పడతాయి, ఖర్చు కలిసొస్తుంది, పైగా ఒక్కొక్కడు నలుగురి పెట్టు." వినడానికి బాగానే ఉంటుంది. విశాఖలో ఈ ఆట ఆడే కొద్దిమందిలో చాలామంది ఆ మాట విని మొదలుపెట్టినవాళ్లే. అలా కట్టిన సైన్యాలు సగం ఆట కూడా కాకుండానే ఎందుకు కుదేలవుతాయో చూసి చూసి నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. ఎలైట్ కాల్బలమే కట్టమని నేనూ అంటాను. కానీ అది బాగా కొడుతుందని మాత్రం కాదు. కొట్టడం కోసం కట్టినవాళ్లే ఓడిపోతున్నారు.

ఆట తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లు 1983లో మొదలుపెట్టిన వార్‌హామర్ అనే, బొమ్మలను వరసలుగా నిలబెట్టే యుద్ధం ఆటను 2015లో ఏజ్ ఆఫ్ సిగ్మార్ అనే వేరే ఆట తెచ్చి పక్కన పెట్టేశారు. మళ్లీ 2024లో ది ఓల్డ్ వరల్డ్ పేరుతో ఆ వరసలను తిరిగి తెచ్చారు. నేను ఆడేది మాత్రం కింగ్స్ ఆఫ్ వార్. ఇది మాంటిక్ అనే మరో బ్రిటిష్ కంపెనీది. మేం 2019లో వచ్చిన మూడో ఎడిషన్ నియమాలతో ఆడతాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న టేబుల్. ప్రతి దళానికీ ఇన్ని పాయింట్లని ఒక ధర ఉంటుంది, ఇద్దరూ తలా 2000 పాయింట్ల సైన్యం తెచ్చుకుంటారు. పదిమంది కాల్బలం ఒక ట్రూప్, ఇరవైమంది రెజిమెంటు, నలభైమంది హోర్డు. దెబ్బ తగిలిందని ఒక్కో బొమ్మనూ తీసేయడం ఇందులో లేదు. గాయాలు లెక్క రాసుకుంటూ పోతాం. దళం నిలిస్తే మొత్తం నిలుస్తుంది, పోతే మొత్తం పోతుంది.

(టేబుల్ గురించి ఒక చిన్న మాట. మన దగ్గర ప్లైవుడ్ షీట్ ఎనిమిదడుగులు బై నాలుగడుగులు వస్తుంది. షాపులోనే ఆరడుగుల దగ్గర కోయించేస్తే ఆటకు బల్ల రెడీ. మిగిలిన రెండడుగుల ముక్కను కూడా అక్కడే వదిలేయకండి. కోటలు, కొండలు పెట్టుకోవడానికి పీటలు అందులోంచే వస్తాయి.)

ఇక అసలు విషయం. మన ఊళ్లల్లో పులిజూదం ఆడనివాళ్లు ఒకప్పుడు ఉండేవారు కాదు. అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి, మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకను తినొచ్చు, మేకకు తినడమే రాదు. బలంలో పోలికే లేదు. అయినా మేకల వైపు ఆడే ముసలాయన చేతిలో పులులు ఎన్నిసార్లు చిత్తయ్యాయో ఆ ఆట ఆడినవాళ్లకు తెలుసు. మేకలు పులిని చంపవు. అది కదలడానికి చోటు లేకుండా చేస్తాయి, అంతే. ఎలైట్ కాల్బలం కట్టేవాడు మొట్టమొదట ఒప్పుకోవలసింది ఇదే. మీ దళాలు చస్తాయని భయపడకండి, ఇరుక్కుపోతాయని భయపడండి. గాజువాక నుంచి వచ్చే మా మిత్రుడు షిఫ్టు దిగి, స్నానం చేసి, గోనెసంచిడు ఆర్కులను, అంటే రాక్షసుల్లాంటి బొమ్మలను, వేసుకుని వస్తాడు. మూడో టర్న్‌లో అతను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏటి గురూ, నీ పులులు కదలవేటి?"

ఇది ఎంతవరకు నిజమో లెక్క వేసి చూద్దాం. ఒక ఊహా రెజిమెంటు తీసుకోండి. డిఫెన్స్ (కవచం) 5+, నెర్వ్ (గుండెనిబ్బరం) 15/17. అంటే తగిలిన దెబ్బ గాయం అవ్వాలంటే శత్రువు పాచిక మీద 5 గానీ 6 గానీ పడాలి. ఎదురుగా 25 దాడులున్న, అంటే 25 పాచికలు వేసే హోర్డు, 4 ఆపైన పడితే తగిలే రకం. 25లో సగం, అంటే పన్నెండున్నర తగులుతాయి. అందులో మూడో వంతు గాయాలవుతాయి. సుమారు నాలుగు. ఇప్పుడు నెర్వ్ పరీక్ష. శత్రువు రెండు పాచికలు వేస్తాడు, వచ్చినదానికి గాయాలు కలుపుతాడు. మొత్తం 15కి చేరితే నా దళం తడబడుతుంది, 17కి చేరితే చెదిరిపోతుంది. నాలుగు గాయాల మీద 17 రావాలంటే రెండు పాచికలు కలిపి 13 చూపించాలి. ఏ పాచికలూ చూపించవు.

అదే హోర్డు పక్క నుంచి వచ్చి గుద్దిందనుకోండి. పక్క నుంచి వస్తే దాడులు రెట్టింపు, వెనక నుంచి వస్తే మూడింతలు. కాబట్టి గాయాలు ఎనిమిది. ఇప్పుడు 9 వేస్తే చాలు. 36 అవకాశాల్లో పది, అంటే 28 శాతం దాకా. ఒక హోర్డు ముందు నుంచీ ఇంకొకటి పక్క నుంచీ ఒకేసారి వస్తే పన్నెండు గాయాలు. అప్పుడు 5 పడినా చాలు. 36లో ముప్ఫై. 83 శాతం. కవచం మారలేదు, కత్తి మారలేదు, పాయింట్ల ఖరీదు మారలేదు. దళం నిలబడిన చోటు మారింది. కదలని దళం నుంచి చెదిరిన దళం దాకా తేడా అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు రెండో వైపు. నా ఎలైట్ రెజిమెంటుకు 15 దాడులు, 3 ఆపైన తగులుతాయి, 1 పడితే మళ్లీ వేసుకునే ఎలైట్ అనే నియమం కూడా ఉంది. ఆయుధం బరువు వల్ల హోర్డు కవచం మీద 3 ఆపైన పడితే గాయం. ఇంత వైభవమూ కలిపి లెక్కేస్తే సగటున ఎనిమిదికి కొంచెం తక్కువ గాయాలు. హోర్డు నెర్వ్ 20/22 అనుకుందాం. ఎనిమిది మీద 22 రావాలంటే పాచికలు 14 చూపించాలి. అంటే ఒక్కడు నలుగురి పెట్టు అన్న మహావీరులు ఒంటరిగా గుద్దితే ఒకే దెబ్బకు హోర్డు చెదరదు. పైగా మర్నిమిషంలో ఆ హోర్డు తిరిగి కొడుతుంది, దాని పక్కనున్న తోడుదొంగ నా పక్కకు వచ్చి కూర్చుంటుంది. అదే రెండు రెజిమెంట్లు కలిసి గుద్దితే గాయాలు పదిహేను దాటుతాయి. 7 పడితే చాలు. సగానికి పైనే.

రెండు రెజిమెంట్లు ఒకే హోర్డు మీదికి ఎలా పడతాయి? కొలతలు చూడండి. మనిషి సైజు బొమ్మకు 20 మిల్లీమీటర్ల చదరపు పీట. ఐదుగురు వరసకు నాలుగు వరసలు, రెజిమెంటు ముందు భాగం 100 మిల్లీమీటర్లు. హోర్డు వరసకు పదిమంది, 200 మిల్లీమీటర్లు. అంటే హోర్డు ముందు నా రెజిమెంట్లు రెండు సరిగ్గా పడతాయి, నా రెజిమెంటు ముందు వాడి హోర్డు ఒక్కటే పడుతుంది. ఎలైట్ సైన్యం అసలు బలం ఈ ఇరుకుతనం. స్టాట్ లైన్లు, అంటే దళాల బలాల అంకెలు, బట్టీ పట్టే కుర్రాళ్లు దీన్ని ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. అదే చోట ప్రమాదం కూడా ఉంది. ఆ రెజిమెంటు పక్క కొలవండి, నాలుగు వరసలు, 80 మిల్లీమీటర్లు. ముందుకూ పక్కకూ తేడా 20 మిల్లీమీటర్లే. ముందు వైపు కోట గోడ, పక్క వైపు సింహద్వారం.

ఈ లెక్కకు పాత మూలం ఒకటుంది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, కార్లు తయారుచేసినాయన, 1916లో యుద్ధబలానికి రెండు సూత్రాలు చెప్పాడు. దూరం నుంచి ఎవరైనా ఎవరినైనా గురిపెట్టి కొట్టగలిగే చోట సైన్యం బలం దాని సంఖ్య వర్గంతో పెరుగుతుంది. అవతలివాళ్లు రెట్టింపు ఉంటే మీ ఒక్కొక్కడూ నాలుగింతలు మెరుగ్గా ఉండాలి. ముఖాముఖి కత్తియుద్ధంలో, ఒకడికి ఒకడే ఎదురుపడే చోట, రెట్టింపు మెరుగైతే సరిపోతుంది. ఆటలో పాయింట్ల ధర ఈ రెండింటికీ ఒకటే. అందుకే బహిరంగ మైదానంలో ఎలైట్‌కు పెట్టిన డబ్బు దండగ, ఇరుకులో పెట్టిన డబ్బు లాభం.

ఉత్తరాంధ్ర వాళ్లకు ఇది పుస్తకాల్లో చదవాల్సిన విషయం కూడా కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో ఉన్నది తక్కువమందే, పోరాడింది ప్రాణానికి తెగించి. బుర్రకథ విన్న ప్రతివాడికీ వాళ్ల పౌరుషం తెలుసు. బయట ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులున్నాయి. కోట లోపల వీరులకు బయటికి రావడానికి దారి లేదు, దగ్గరికి వచ్చి కొట్టాల్సిన అవసరం ఫిరంగికి లేదు. మళ్లీ 1794 జులై 10న, భీమిలికి దగ్గర్లోని పద్మనాభంలో, లెక్క తిరగబడింది. విజయనగరం రాజావారి వైపు జనం ఎక్కువ, కంపెనీ సిపాయిలు తక్కువ. కవాతు నేర్చిన వరస, దూరం నుంచి ఒక్క మాట మీద పేలే తుపాకులు. గంట కూడా పట్టలేదంటారు. రాజావారు అక్కడే నేలకొరిగారు. రెండు చోట్లా తక్కువమందే, రెండు చోట్లా ధైర్యానికి కొదవ లేదు. ఒక చోట దూరం ఎంత ఉండాలో అవతలివాడు నిర్ణయించాడు, రెండో చోట తక్కువమందే నిర్ణయించారు. చరిత్రను బొమ్మలాటకు వాడుకోవడం కొందరికి నచ్చకపోవచ్చు. నాకైతే ఆ ఊళ్లకు వెళ్లి నిలబడి చూశాకే టేబుల్ మీద నేల విలువ తెలిసింది.

సరే, మరి సైన్యం ఎలా కట్టాలి? నా లెక్కలో 2000 పాయింట్లలో ఎలైట్ రెజిమెంట్లు నాలుగుకు మించకూడదు. ఆరు పెట్టాలని చెయ్యి లాగుతుంది. ఆరు పెడితే మరి దేనికీ పాయింట్లు మిగలవు, ఆరూ ఒకేసారి ఇరుక్కుంటాయి. మొదట వేగం చూడండి. ఛార్జ్ చేసేటప్పుడు, అంటే శత్రువు మీదికి దూకేటప్పుడు, దళం తన వేగానికి రెట్టింపు వెళ్తుంది. మరుగుజ్జులకు వేగం 4, అంటే ఎనిమిది అంగుళాలు. ఎల్ఫులకు 6, పన్నెండు. ఈ నాలుగంగుళాల తేడా ఏ గొడ్డలి కన్నా ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే ఎవరు ముందు గుద్దాలో అదే తేలుస్తుంది. నేను మరుగుజ్జులనే ఆడతాను, ఆ గడ్డాల మీద మోజు కొద్దీ. కాబట్టి ఆ నాలుగంగుళాలను నేను వేరే దారిలో కొనుక్కోవాలి.

ఆ దారే అడ్డుపుల్లలు. చవక ట్రూపులు, పదేసి మంది. వాళ్లను కొట్టడానికి తీసుకోరు, అడ్డంగా నిలబెట్టడానికి తీసుకుంటారు. శత్రువు హోర్డుకు రెండంగుళాల ముందు ఒక ట్రూపును పెట్టండి. అది దాన్ని కొట్టాలి, లేకపోతే ఆగాలి. కొట్టి చెదరగొట్టిందా, సరిగ్గా నా రెండు రెజిమెంట్లకు ఎదురుగా, నాకు కావలసిన దూరంలో నిలబడి ఉంటుంది. ఆ పదిమంది పోయినందుకు బాధపడేవాళ్లు ఈ సైన్యం ఆడలేరు. ఎలైట్ సైన్యంలో అత్యంత విలువైన దళం అందరికన్నా చవకదే అని నేనంటే మా మిత్రుడు నవ్వుతాడు. కానీ ఆట మొదలవగానే బాణాలన్నీ ముందు వాళ్ల మీదే వేస్తాడు.

తర్వాత జెండా. జెండా పట్టుకుని, ఇన్‌స్పైరింగ్ అనే గుణం ఉన్న నాయకుడు ఆరంగుళాల లోపు ఉంటే, చెదిరిపోవాల్సిన దళానికి శత్రువు పాచికలు మళ్లీ వేయాలి. పైన పక్క దెబ్బకు 28 శాతం అని లెక్కేశాం కదా, జెండా ఉంటే అది 8 శాతానికి దిగుతుంది. కానీ ముందూ పక్కా రెండూ పడిన చోట 83 శాతం కాస్తా 69కి మాత్రమే తగ్గుతుంది. జెండా ఒక పొరపాటును కాస్తుంది, చుట్టుముట్టించుకోవడాన్ని కాయదు. జెండా ఉందిలే అని పక్క తెరిచి నిలబడేవాళ్లను చూస్తే టెన్షన్ వస్తుంది నాకు.

మిగతా పాయింట్లలో ఏదైనా ఒక దూరపు ఆయుధం ఉండాలి, అది చంపినా చంపకపోయినా. ఎందుకంటే అది లేకపోతే అవతలివాడు ఆరు టర్న్‌లూ దూరంగానే కూర్చుని మిమ్మల్ని నానబెడతాడు. బొబ్బిలి కోట సంగతి మర్చిపోకండి. నేల ఎంచుకునే అవకాశం ఉంటే టేబుల్‌లో అడవీ చెరువూ ఉన్న వైపు తీసుకోండి. రెండు రెజిమెంట్లను ఒకదాని పక్కన ఒకటి బాగా దగ్గరగా పెడితే లోపలి పక్కలు రెండూ మూసుకుపోతాయి. బయటి పక్కల్లో ఒకటి చెరువుకు అప్పజెప్పండి. నాలుగో పక్క ఒక్కటే మిగులుతుంది, అక్కడ అడ్డుపుల్ల.

"బొమ్మలు తక్కువ, రంగులు వేయడం తొందరగా అయిపోతుంది" అన్న మాటకు కూడా సమాధానం చెప్పాలి. ఇది సగం నిజం. దళం పీట మీద ఇరవైమందినీ నింపక్కర్లేదు, సగానికి మించి ఉంటే నియమం ఒప్పుకుంటుంది. పదిహేనుమందిని పెట్టి, మధ్యలో ఒక బండరాయి, విరిగిన స్తంభం పెడితే నిండుగా ఉంటుంది. కానీ తక్కువ బొమ్మలున్న సైన్యంలో ప్రతి బొమ్మనూ జనం వంగి చూస్తారు. గుంపు ఆర్కులకు ఆకుపచ్చ రంగు కొట్టి వదిలేస్తే చెల్లుతుంది, ఉక్కు కవచం తొడుక్కున్న మరుగుజ్జుకు చెల్లదు. నల్ల ప్రైమర్, దాని మీద వెండి రంగు డ్రై బ్రష్ (రంగు దాదాపు తుడిచేసిన కుంచెతో పైపైన రుద్దడం), సందుల్లోకి పల్చటి నల్ల వాష్, ఆరాక అంచుల మీద మళ్లీ సన్నగా వెండి. డ్రై బ్రష్‌కు ఖరీదైన హాబీ బ్రష్‌లు అక్కర్లేదు. జగదాంబ చుట్టుపక్కల ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరికే గుండ్రటి మేకప్ బ్రష్ అంతకన్నా మెత్తగా పట్టిస్తుంది. కొనేటప్పుడు షాపువాడు "మేడమ్‌కా సార్?" అని అడుగుతాడు. అవుననేయండి, మరుగుజ్జులకని చెబితే సాయంత్రమంతా అక్కడే గడిచిపోతుంది. గడ్డం చివర్లకు మాత్రం చిన్న కుంచె తప్పదు, ఊపిరి బిగపట్టి వేయాలి.

విశాఖ గాలి గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఇంగ్లీషు వీడియోలు చూసి ఉక్కపోత రోజున బాల్కనీలో మాట్ వార్నిష్ స్ప్రే కొట్టకండి. తేమ ఎక్కువున్నప్పుడు అది ఆరుతూనే తెల్లటి పొర కట్టేస్తుంది, నెలల పని కనబడకుండా పోతుంది. ప్రైమర్ కూడా గరుకుగా దిగుతుంది. స్ప్రే పనులు పెట్టుకుంటే డిసెంబరు, జనవరి నెలల్లో, ఎండ ఎక్కాక పెట్టుకోండి. మిగతా ఏడాదంతా కుంచెతో వేసే ప్రైమర్, కుంచెతో వేసే వార్నిష్. నిదానమే, కానీ నమ్మొచ్చు. ఇంట్లోనే బొమ్మలు అచ్చేసుకోవడానికి రెజిన్ ప్రింటర్ పెట్టుకునేవాళ్లకు ఇంకో మాట: ఆరని రెజిన్ చర్మానికి తగిలితే ఎలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే వదలకపోవచ్చు. నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, వంటింటి దరిదాపుల్లోకి తేవద్దు. మా అమ్మకు ఇదంతా మొదట్లో చిరాకు. "ఈ వయసులో బొమ్మలేంట్రా" అనేది. సంక్రాంతి బొమ్మల కొలువులో కింది మెట్టు ఖాళీగా ఉందని ఒక రెజిమెంటు అడిగి తీసుకుపోయాక ఆ మాట ఆగింది. గొడ్డళ్లు పట్టుకుని దశావతారాలకు కాపలా ఉన్నారు పదిహేనుమంది.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయను. ఆట గెలిచేది శత్రువును చెదరగొట్టి కాదు, చాలా సినారియోల్లో చోట్లు పట్టుకుని. దళాలు తక్కువున్నవాడు చోట్లు ఎలా పట్టుకుంటాడు? న్యాయమైన ప్రశ్నే. అయితే చోటు లెక్కలో కాల్బలం హోర్డు విలువ 4 అయితే రెజిమెంటుది 3. బొమ్మలు సగం, విలువ ముప్పావు. రెండు రెజిమెంట్లు ఒక చోట నిలిస్తే అక్కడికి హోర్డులు రెండు రావాల్సిందే. కాబట్టి ఇక్కడ కూడా తిరిగి వచ్చేది చోటు దగ్గరికే. టేబుల్ అంతా పట్టుకోవాలని నాలుగు రెజిమెంట్లను నాలుగు మూలలకు పంపితే నాలుగూ పోతాయి. రెండు చోట్లు ఎంచుకుని, మూడోదాన్ని ముందే వదిలేసి, వదిలేసినట్టు అవతలివాడికి కనబడకుండా ఆడాలి. ఇది నేర్పడం కష్టం. పులిజూదంలో ఏ మేకను తినకుండా వదలాలో తెలిసినవాడికి తొందరగా పడుతుంది.

నిజంగా జవాబు దొరకనిది ఎగిరే దళాలకు. మా మిత్రుడు ఈ మధ్య రెక్కల మృగం ఒకటి తెచ్చాడు. అది నా వరస మీదుగా దూకి వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. వెనక నుంచి మూడింతలు. దానికోసం ఒక ట్రూపును వెనకే వదిలిపెడితే, ముందు అడ్డుపుల్ల ఒకటి తగ్గిపోతుంది. అది చూసి అతను "ఇంకోటి కొంటన్నాను గురూ" అని ముందే చెప్పి మరీ వెళ్లాడు. రెండు మృగాలొస్తే నాకు ఇంకో రెండు ట్రూపులో, ఆకాశం వైపు గురిపెట్టే యంత్రమో కావాలి. పాయింట్లు ఎక్కడి నుంచి తేవాలి? నాలుగో రెజిమెంటు మీదే ఉంది కన్ను. దానికే అన్నిటికన్నా బాగా రంగులు వేశాను, అదీ ఇబ్బంది.